మోడరేటర్ బాధ్యత నుంచి తప్పుకుంటున్నాను: ఇకపై ఈ పని ఎలా జరగాలో మాట్లాడుకుందాం

పూసపాటిరేగ మాస్టారు (మోడరేటర్)

సభ్యులందరికీ నమస్కారం. ఈ నెలాఖరుతో మన విమానయాన చర్చావేదికలో మోడరేటర్ బాధ్యత నుంచి తప్పుకుంటున్నాను. నిర్వాహకులకు ముందే తెలియజేశాను. వారు ఆగమన్నారు, నేను ఆగలేనన్నాను. ఎవరి మీదా కోపం లేదు, ఏదో ఒక గొడవ దీనికి కారణమూ కాదు. సభ్యుడిగా ఉంటాను. మన తీరం మీదుగా కోల్‌కతా, చెన్నైల మధ్య తిరిగే విమానాల గురించి ఎవరైనా అడిగితే ఎప్పటిలాగే వారికి విసుగు పుట్టేదాకా చెబుతాను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను దెబ్బకు విశాఖ విమానాశ్రయం పైకప్పు దెబ్బతిని రాకపోకలు ఆగిపోయినప్పుడు, గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకు ఏ విమానం ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చెప్పడానికి కొద్దిమందిమి పోగైన చోటు ఇది. అప్పట్లో తొలగించవలసిన పోస్టులంటూ ఉండేవి కావు. ఇప్పుడు నా పనిలో ముప్పాతిక భాగం తొలగించడమే. భోగాపురం విమానాశ్రయంలో ఉద్యోగాలు ఇప్పిస్తామని శిక్షణ రుసుం ముందే అడిగే ప్రకటనలు, విశాఖలో దిగుతూ కిటికీలోంచి తీసిన నౌకాదళ విమానాల ఫోటోలు, భోగాపురానికి శంకుస్థాపన 2019లో చేసినవారిదా 2023లో చేసినవారిదా గొప్ప అనే తగాదాలు వస్తూనే ఉంటాయి. ఇవన్నీ ఓపికతో తీరే పనులు.

ఓపికతో తీరనిది ప్రమాదం జరిగిన రాత్రి. 2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్ గాట్విక్‌కు బయలుదేరిన ఎయిరిండియా విమానం ఏఐ 171 కూలినప్పుడు, మంటలు ఆరకముందే ఇక్కడ తీర్పులు మొదలయ్యాయి. ఫ్లాప్స్ (టేకాఫ్‌లో రెక్కల వెనుక అంచున దించే పలకలు) వేయడం మరిచిపోయారని కొందరు, పక్షులు తగిలాయని కొందరు, ఇంకొందరు విద్రోహమని రాశారు. మృతదేహాల చిత్రాలు కూడా వచ్చాయి. నెల తరువాత మన దేశపు విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదిక వచ్చింది. ఫ్లాప్ మీట టేకాఫ్‌కు ఉండవలసిన 5 డిగ్రీల స్థానంలోనే ఉన్నదని, విమానం దారిలో చెప్పుకోదగిన పక్షుల సంచారం లేదని అందులో ఉంది. రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే తాను ఆపలేదని మరొకరు బదులిచ్చారని కూడా ఉంది. అడిగినదెవరో, బదులిచ్చినదెవరో నివేదిక చెప్పలేదు. అంతే, మన చర్చలో మాత్రం చెప్పేశారు, పేర్లతో సహా. ఆ పేర్లు గల కుటుంబాలు ఈ దేశంలోనే ఉన్నాయి.

ఏది ఉంచాలో ఏది తీయాలో ఒక్క మనిషి, అర్ధరాత్రి, తన నిద్రమత్తును బట్టి నిర్ణయించడం సరైన పద్ధతి కాదని అప్పటినుంచీ నాకు అనిపిస్తున్నది. అందుకే నా తరువాత ఎవరన్నది నేను సూచించను. ఒక్కరిని మాత్రం పెట్టవద్దని కోరుతున్నాను.

టెక్కలి నుంచి ఒక తల్లి

మాస్టారూ, మీరు వెళ్లవద్దని అడగను. అడిగితే వినరని తెలుసు. కొత్తగా చేరినవారు తెలుసుకోవాలని ఒక విషయం రాస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదివింది, పైలట్ కావాలన్నది. గణితం లేకుండా ఆ మాట ఎత్తవద్దని బంధువులందరూ అన్నారు. భౌతికశాస్త్రం ఎలాగూ ఉన్నది కనుక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా గణితం ఒక్కటీ విడిగా రాయవచ్చని, డబ్బు కట్టే ముందు వైద్య పరీక్షలు చేయించమని, రెండవ తరగతి వైద్య పరీక్షతో మొదలుపెట్టి మొదటి తరగతి ధ్రువపత్రం చేతికి వచ్చాకనే ఫ్లయింగ్ స్కూలు గడప తొక్కమని మాస్టారు ఇక్కడ రాసిన పోస్టే మాకు దారి చూపింది. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలని, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాత పరీక్షల్లో ఒక్కొక్క దానిలో 70 శాతం తెచ్చుకోవాలని ఇంగ్లీషులో చాలాచోట్ల ఉంటుంది. పొలం అమ్మి ఫీజు కట్టబోతున్న తండ్రికి తెలుగులో, ఏది ముందు ఏది వెనుక అని విడమరిచి చెప్పిన పోస్టు అది. మోడరేటర్ మారినా దానిని పై వరుసలోనే ఉంచండి.

రన్‌వే 28

మాస్టారి శ్రమను తక్కువ చేయకుండానే ఒక అసమ్మతిని నమోదు చేయదలచాను. ఆయన వెళుతున్న సందర్భంలో అందరూ దండలు వేస్తారు కనుక, ఈ మాట ఇప్పుడు అనకపోతే ఇక ఎప్పటికీ అనలేను.

ప్రాథమిక నివేదిక వచ్చేవరకు ఊహాగానాలు వద్దన్న మన నియమం వినడానికి బాగుంటుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) నియమాల్లో ప్రమాద దర్యాప్తు గురించిన 13వ అనుబంధం ప్రకారం ఆ నివేదిక 30 రోజుల్లో రావాలి. ఆ 30 రోజులూ జనం నోరు మూసుకుని కూర్చోరు. ఇక్కడ మూస్తే వాట్సాప్‌లో తెరుస్తారు. విమానం గురించి నాలుగు అక్షరాలు తెలిసినవారున్న చోటును మౌనంగా ఉంచి, ఏమీ తెలియని చోట్లకు శ్రోతలను పంపించాము.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే, ఒక ఫోన్ వీడియోలోని శబ్దాన్ని, విమానం పొట్ట కింద కనిపించిన చిన్న ఆకారాన్ని చూసి, గాలి వేగానికి తిరిగి అత్యవసర విద్యుత్తునిచ్చే ర్యామ్ ఎయిర్ టర్బైన్ బయటికి వచ్చిందని ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు గుర్తుపట్టారు. రెండు ఇంజన్ల శక్తి పోవడం వంటి గట్టి ఆపద వస్తే తప్ప అది బయటికి రాదు. నివేదిక కూడా నేల విడిచిన వెంటనే అది తెరుచుకున్నదని సీసీ కెమెరా చిత్రంతో నిర్ధారించింది. అంటే ఊహ అని మనం కొట్టివేయబోయినది నిజమైనది. ఆ రోజుల్లో నేను దాని గురించి రాసిన పోస్టు పొద్దున్నకల్లా కనబడలేదు.

పూసపాటిరేగ మాస్టారు (మోడరేటర్)

రన్‌వే 28 గారూ, మీ పోస్టు తొలగింపుల జాబితాలో భద్రంగా ఉన్నది, ఇప్పుడే మళ్లీ చదివాను. అందులో మొదటి రెండు పేరాలు టర్బైన్ గురించి, మూడవ పేరా ఇంధనంలో కల్తీ గురించి. మూడవ పేరా తీసివేసి మళ్లీ పెట్టమని మీకు సందేశం పంపాను, మీరు పెట్టలేదు.

చూసిన దానిని చెప్పడం వేరు, దానికి కారణం చెప్పడం వేరు. 'టర్బైన్ బయటికి వచ్చింది' అన్నది చూసిన విషయం. వీడియో ఉన్నది, శబ్దం ఉన్నది, కాదనేవారు వాదించవచ్చు. 'ఇంధనం కల్తీ అయినందువల్ల వచ్చింది' అంటే ఒక సరఫరాదారుని మీద నేరం మోపడం. 13వ అనుబంధమే దర్యాప్తు ఏకైక ఉద్దేశం ప్రమాదాలను నివారించడమని, తప్పును పంచిపెట్టడం కాదని చెబుతున్నప్పుడు, దర్యాప్తు చేసేవారికే లేని అధికారం మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

నాగావళి తీరం

నేను వృత్తిరీత్యా విమానాల నిర్వహణలో ఉన్నాను; ఎక్కడన్నది చెప్పను. ఇద్దరి వాదనలూ చదివాక ఒక చిన్న సవరణ. నివేదిక వచ్చిన తరువాత రెండో విడత ఊహాగానాలు మొదలయ్యాయని మాస్టారు రాశారు. వాటిలో పైలట్లను నిందించినవి ఎన్ని ఉన్నాయో, పైలట్లను కాపాడాలన్న తపనతో యంత్రాన్ని నిందించినవీ దాదాపు అన్ని ఉన్నాయి. ఇంధన స్విచ్‌ల లాకింగ్ గురించి 2018లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక సమాచార పత్రం ఇచ్చింది. అది తప్పనిసరి ఆదేశం కాదు, సలహా మాత్రమే. నివేదికలో దాని ప్రస్తావన ఉండడంతో మన సభ్యులు కొందరు అదే కారణమని తేల్చేశారు. ఆ స్విచ్‌ను పైకి లాగి, అడ్డు దాటించి కదపాలి. చెయ్యి తగిలితే జారిపోయే రకం కాదు. లాక్ చెడితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆ పోస్టులను నివేదికలోని వాక్యాలతో పోల్చి సరిచూడగలిగే మనిషి మోడరేటర్లలో ఉండి తీరాలి. మంచితనం ఒక్కటే చాలదు.

ఉద్దానం కొబ్బరితోట

అందరూ ప్రమాదాల గురించే మాట్లాడుతున్నారు. మా ఫిర్యాదు వేరు.

మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి మా ఊళ్లలో సభలు జరుగుతున్నాయి. 2018లో తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరి చెట్ల చోట పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. జీడి తోటలూ అంతే. సర్వే అధికారులను మావాళ్లు ఎందుకు అడ్డుకున్నారో వివరిస్తూ నేను రాసిన పోస్టు 'రాజకీయం' అన్న కారణంతో పోయింది. అదే వారం ఎవరో రంగుల ఊహాచిత్రం ఒకటి పెట్టి 'ఉత్తరాంధ్ర దశ తిరిగింది' అని రాస్తే అది ఉన్నది, దానికి దండాలు పెట్టే బొమ్మలు కూడా ఉన్నాయి. రన్‌వే పడే నేల విమానయానంలో భాగం కాదా? నేను విమానాశ్రయానికి వ్యతిరేకిని అని ఎక్కడా రాయలేదు. రాసినా అది రాజకీయం ఎలా అవుతుంది?

గజపతినగరం ఏటీఆర్

ఉద్దానం గారి ప్రశ్నకు నా సమాధానం: అవుతుంది, భాగమే. భోగాపురం విషయంలో మనం ఇదే చేశాము. 3,800 మీటర్ల రన్‌వే, మొదటి దశలో ఏడాదికి 60 లక్షల ప్రయాణికుల సామర్థ్యం, 2026 జనవరి 4న దిగిన మొదటి పరీక్షా విమానం, వీటి గురించి ఇక్కడ పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ రన్‌వే కోసం ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లిన ఊళ్ల గురించి వెతికితే ఒక్క చర్చ కూడా దొరకదు. పౌర విమానయాన మంత్రిగారు మన శ్రీకాకుళం ఎంపీయే కావడంతో, ప్రతి విమానాశ్రయ వార్తా ఏదో ఒక పార్టీకి పొగడ్తో తెగడ్తో అయిపోతున్నది నిజమే. దానికి భయపడి భూమి మాటనే నిషేధిస్తే పార్టీ మాటలు మిగిలి, రైతు మాట పోతుంది.

మాస్టారు వెళ్లిపోవడం గురించి ఒక మాట. పైడితల్లి జాతరలో సిరిమాను కదిలేటప్పుడు తాడు పట్టుకుని జనాన్ని పక్కకు తప్పించేవారికి సిరిమాను కనబడదు, ఎదురుగా ఉన్న జనం ముఖాలే కనబడతాయి. ఆయన ఇక్కడికి వచ్చింది విమానాలు చూడడానికి. చూడనివ్వండి.

చీపురుపల్లి కిటికీ సీటు

ఫోటోల నియమం గురించి కూడా తేల్చండి. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో ఉన్నదని, పౌర విమానాలు అక్కడ అతిథులని నాకూ తెలుసు. రక్షణ స్థావరాలను పంచుకునే విమానాశ్రయాల్లో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు వైపు, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ కిటికీ తెరలు మూయాలని 2025 మేలో డీజీసీఏ ఆదేశించిన సంగతీ తెలుసు. అయితే ఆ తరువాత ఇక్కడ కిటికీ ఫోటో అంటేనే అనుమానంగా చూస్తున్నారు. మబ్బుల మీద రెక్క నీడ పడిన ఫోటో కూడా ఒకసారి రెండు రోజులు నిలిచిపోయింది. మబ్బులు ఏ దళానికి చెందినవో నాకు అర్థం కాలేదు.

పూసపాటిరేగ మాస్టారు (మోడరేటర్)

కిటికీ సీటు గారూ, మీ మబ్బులు నిలిచిపోవడానికి కారణం వాటి కింద ఉన్న తేదీ, విమానం నంబరు, మీ సీటు నంబరు. అవి అలా పెట్టవద్దని ఎందుకంటానంటే, ప్రయాణపు బోర్డింగ్ కార్డును కూడా కొందరు గర్వంగా పెడుతున్నారు. దాని మీది పీఎన్ఆర్, ఇంటిపేరు ఉంటే చాలు, ఎవరైనా మీ టికెట్టును తెరిచి చూడవచ్చు.

ఉద్దానం గారి పోస్టులో సర్వే నంబర్లతో పాటు రైతు కుటుంబాల పేర్లు, ఒక అధికారి ఫోన్ నంబరు ఉన్నాయి. వాటివల్ల తీశాను. అయితే అక్కడ కనబడిన కారణం 'రాజకీయం' అనే, ఎందుకంటే మన వ్యవస్థలో తొలగింపుకు ఎంచుకోగల కారణాలు నాలుగే ఉన్నాయి, వాటిలో 'వ్యక్తిగత వివరాలు' అన్నది లేదు. ఇది నిర్వాహకులు మార్చవలసిన విషయం, నేను రెండుసార్లు అడిగాను. గజపతినగరం గారి మాటతో నాకు పూర్తి ఏకీభావం ఉన్నది: భూసేకరణకు ఇక్కడ చోటు ఉండాలి.

రన్‌వే 28

చూసినది వేరు, కారణం వేరు అన్న విభజనను ఒప్పుకుంటున్నాను. కాని ఆ విభజన నియమావళిలో ఎక్కడా రాసి లేదు; మాస్టారి బుర్రలో ఉన్నది. ఆయన వెళ్లిపోతే అదీ వెళ్లిపోతుంది. అందుచేత వెళ్లేముందు ఆయనచేతే ప్రమాదాల నియమాన్ని రాయించండి. నా ప్రతిపాదన: వీడియో, శబ్దం, విమానాల జాడ చూపే వెబ్‌సైట్ల సమాచారం, అధికారిక ప్రకటనలు మొదటి గంట నుంచే చర్చించవచ్చు. మనిషి మీదా సంస్థ మీదా తప్పు మోపే వాక్యం ఏదైనా తుది నివేదిక వచ్చేవరకు ఆగాలి, ప్రాథమిక నివేదిక చాలదు. మృతుల చిత్రాలు ఎప్పటికీ వద్దు.

నన్ను మోడరేటర్‌గా ఉండమని ఇద్దరు విడిగా సందేశాలు పంపారు. ఉండను. ఎందుకు తీశారని బయట నుంచి అడిగేవాడు ఒకడు ఉండాలి, ఆ పని నాకు బాగా వచ్చు.

నాగావళి తీరం

తుది నివేదిక అంటే ఏడాది, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ. అంతకాలం నిందను ఆపడం సాధ్యం కాదని నా అనుమానం. అయినా ఆ వాక్యానికి నా ఓటు. రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు వరకు నేను ఎలాగూ హ్యాంగర్‌లో మేలుకునే ఉంటాను. విరామ సమయాల్లో రాత్రి వచ్చే పోస్టుల వరుసను చూడగలను. సాంకేతిక పోస్టుల వరకే. పార్టీల తగాదాలు నాకు అప్పగించవద్దు.

నిర్వాహకులు

చర్చను గమనించి కింది ఏర్పాటుకు వచ్చాము. వచ్చే నెల నుంచి ముగ్గురు మోడరేటర్లు ఉంటారు: సాంకేతిక విషయాలకు నాగావళి తీరం గారు, శిక్షణ, ఉద్యోగాల విభాగానికి టెక్కలి తల్లిగారు, మిగిలినదానికి గజపతినగరం ఏటీఆర్ గారు. ముగ్గురూ అంగీకరించారు. మృతదేహాల చిత్రాలు, రక్షణ స్థావరాల చిత్రాలు, డబ్బు అడిగే ఉద్యోగ ప్రకటనలు తప్ప మరే పోస్టునూ ఒక్కరి నిర్ణయంతో తొలగించరు, ఇద్దరు ఒప్పుకోవాలి. 'వ్యక్తిగత వివరాలు' అన్న కారణాన్ని నేడే చేర్చాము. భూసేకరణ, పునరావాసం పేరుతో కొత్త విభాగం తెరిచాము, ఉద్దానం గారు పేర్లు, నంబర్లు తీసి తమ పోస్టును అక్కడ మళ్లీ పెట్టవచ్చు. తొలగించిన ప్రతి పోస్టు గురించి కారణంతో సహా ఒక పట్టిక అందరికీ కనబడుతుంది. ఆరు నెలలకు ఒకసారి బాధ్యతలు మారతాయి.

ప్రమాదాల నియమం ముసాయిదాను మాస్టారు రాస్తారు, రన్‌వే 28 గారు దిద్దుతారు.

ఉద్దానం కొబ్బరితోట

పెట్టాను. ఈసారి సర్వే నంబర్లు లేవు. తోటల ఫోటోలు ఉన్నాయి, వాటికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

పూసపాటిరేగ మాస్టారు (మోడరేటర్)

ముసాయిదా నియమావళి విభాగంలో ఉంచాను. రన్‌వే 28 గారు దానికి ఎర్ర సిరా పూయడం అప్పుడే మొదలుపెట్టారు. గజపతినగరం గారికి అప్పగిస్తున్న వరుసలో ప్రస్తుతం రెండు పోస్టులు ఆగి ఉన్నాయి. ఒకటి, గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగాల ప్రకటన. అందులోని ఫోన్ నంబరు ఇదివరకు మరో రెండు పేర్లతో వచ్చింది, పట్టికలో వెతకండి. రెండవది, విశాఖలో దిగుతుండగా తీసిన వీడియో. మొదట్లో సముద్రం, చివర్లో నౌకాదళం వారి షెడ్లు ఉన్నాయి. దీనిని నేను తేల్చలేదు, మీలో ఇద్దరు కలిసి చూడండి.

గజపతినగరం ఏటీఆర్ (మోడరేటర్)

ప్రకటనను తీసివేశాను, నంబరును పట్టికలో చేర్చాను. వీడియో గురించి టెక్కలి అమ్మగారితో మాట్లాడాను: షెడ్లు కనబడే చివరి భాగం కత్తిరించి, సముద్రం వరకు మళ్లీ పెట్టమని పంపినవారికి రాశాము.